లేబర్ కేర్ గైడ్: నర్సు తీరు కూడా బయటపడే చార్టు

కాన్పు ఎలా సాగుతోందో గీతల్లో చూపే పాత చార్టు పార్టోగ్రాఫ్‌కు బదులుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఈ చార్టు తెచ్చింది. లేబర్ రూమ్‌లో వాడదగ్గ సరుకే. కాకపోతే రాసే నర్సు కాన్పును ఎలా చూస్తుందన్న దాన్ని బట్టే పనిచేస్తుంది.

పాత చార్టులో గర్భాశయ ముఖద్వారం 4 సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర మొదలై గంటకు 1 సెంటీమీటరు చొప్పున పెరిగే హెచ్చరిక గీత ఉండేది. చాలామందికి నొప్పులు అంత వేగంగా సాగవు, అయినా తల్లీబిడ్డలు క్షేమంగానే ఉంటారు. కాన్పంటే భయపడే నర్సుకు మాత్రం గీత దాటగానే కంగారు, ఆ వెంటనే నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ డ్రిప్పు. కొత్త చార్టు 5 దగ్గర మొదలవుతుంది. 5 దగ్గర 6 గంటలు, 6 దగ్గర 5, 7 దగ్గర 3, 8 దగ్గర రెండున్నర, 9 దగ్గర 2 గంటలు కదలిక లేకపోతేనే హెచ్చరిక. ఓపిక పట్టాలనుకునే నర్సుకు ఇది పెద్ద అండ.

మాకు బాగా నచ్చింది రెండో విభాగం: తోడు, నొప్పి ఉపశమనం, తాగడానికి ఇవ్వడం, భంగిమ. తోడు లేకపోయినా, వెల్లకిలా పడుకోబెట్టినా హెచ్చరికగా ఆ గడిలో రాసినదాని చుట్టూ సున్నా చుట్టాలి. బిడ్డ గుండె చప్పుడు నిమిషానికి 110 కంటే తగ్గితే చుట్టేదీ అదే సున్నా. ఆదరణను వైద్యంతో సమానంగా కాగితం మీద పెట్టడం చిన్న విషయం కాదు.

లోపం కూడా అక్కడే ఉంది. నొప్పి ఉపశమనం గడిలో ‘డి’ అంటే ఆమె వద్దంది అని. "కాన్పన్నాక ఆ మాత్రం ఓర్చుకోవాలమ్మా" అనే నర్సు అడగకుండానే ‘డి’ రాసేస్తే చార్టు పట్టుకోలేదు. వరుసగా అందరికీ ‘డి’ కనబడితే ఇన్‌ఛార్జి సిస్టర్ ఆ బాలింతలనే అడగాలి, మిమ్మల్ని అడిగారా అని.

బిడ్డ గుండె చప్పుడు అరగంటకోసారి, ముక్కే దశలో 5 నిమిషాలకోసారి రాయాలి. నొప్పి వస్తున్నప్పుడు మొదలుపెట్టి, అది తగ్గాక కనీసం 30 సెకన్ల దాకా, మొత్తం నిమిషానికి తగ్గకుండా వినాలి. ఒక నర్సుకు నలుగురు గర్భిణులను అప్పగిస్తే ఇది జరగదు. తర్వాత కూర్చుని 140, 140, 140 అని నింపేస్తారు. దాన్ని బద్ధకమనడం అన్యాయం, మనుషులు చాలరు.

ఇంకో వెలితి: 5 రాకముందు వచ్చినవాళ్లకు ఇందులో చోటు లేదు. 2, 3 సెంటీమీటర్లతో వచ్చి "ఇప్పుడే ఎందుకొచ్చావు" అనిపించుకునేది వాళ్లే. ఈ చార్టు తెచ్చుకునేవాళ్లు వాళ్లకోసం వేరే కాగితం పెట్టుకోవాలి.