వాటర్ రాకెట్ బాటిళ్ల కొలతకు కిచెన్ వేయింగ్ మెషీన్: చాలాకాలం వాడాక

బేగంబజార్‌లో కొన్న డిజిటల్ వేయింగ్ మెషీన్ ఇది. ఐదు కిలోల దాకా తూస్తుంది, ఒక్క గ్రాము తేడా చూపిస్తుంది. వాటర్ రాకెట్ అంటే కొంత నీళ్లు పోసి, గాలి ప్రెషర్‌తో ఎగరేసే ప్లాస్టిక్ బాటిల్. ఆ బాటిళ్లలో ఎన్ని నీళ్లు పడతాయో తేల్చడానికి కొన్నేళ్లుగా దీన్నే వాడుతున్నాను. ఈ పనికి కొలజాడీ కన్నా ఇదే నయం.

బాటిల్ మీద 2 లీటర్లు అని రాసేది లోపలున్న డ్రింక్ లెక్క. మూతి దాకా నింపితే అంతకన్నా ఎక్కువే పడుతుంది. పెద్ద రాకెట్ కోసం రెండు బాటిళ్లు కోసి స్లీవ్‌తో (అతుకు చుట్టూ వేసే ప్లాస్టిక్ పట్టీతో) అతికించాక ఆ లేబుల్ ఎందుకూ పనికిరాదు. ఎగరేసేటప్పుడు మూడో వంతు నీళ్లు పోయాలంటే మొత్తం ఎంతో తెలియాలి కదా. కొలజాడీతో విడతలు విడతలుగా పోస్తే ప్రతి విడతలోనూ కాస్త తేడా వస్తుంది, చివరికి అవన్నీ కలిసి పెద్దదవుతాయి.

తూకంలో ఆ బెడద లేదు. ఖాళీ బాటిల్ తూచి రాసుకోవాలి, నింపి మళ్లీ తూచాలి. తేడా ఎన్ని గ్రాములో దాదాపు అన్ని మిల్లీలీటర్లు. స్లీవ్ అతుకు దగ్గర చిన్న మెట్టులా ఉంటుంది, దాని కింద గాలి బుడగలు చిక్కుకుంటాయి. బాటిల్‌ను వంచి వేళ్లతో తడితే జారిపోతాయి. చివర్లో మూతి మీద చిన్న గాజు పలక జరిపి ఎక్కువ నీటిని తోసేసి, బయటి తడి తుడిచి తూస్తాను.

మే నెలలో మాత్రం ఇంటి మీది ట్యాంకు నీళ్లు వాడొద్దు. 40 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 992 గ్రాములే తూగుతాయి, 25 డిగ్రీల దగ్గర 997. అంటే రెండు లీటర్ల బాటిల్‌కు పది గ్రాముల తేడా. బిందెలో పట్టి రాత్రంతా ఉంచిన నీళ్లయితే మేలు. ఏ నీళ్లయినా థర్మామీటర్ పెట్టి, తూకంలో వచ్చిన తేడాను ఆ వేడి దగ్గరి సాంద్రతతో భాగిస్తే సరి.

ఈ మెషీన్ నాకు బాగా పనికొచ్చింది ప్రెషర్ టెస్ట్‌లో. పైపులైన్ పరీక్షకు ప్లంబర్లు వాడే చేతి పంపు అద్దెకు తెచ్చి, గాలి లేకుండా నింపిన బాటిల్‌లోకి నీళ్లు ఎక్కిస్తాను. వాల్వు కట్టేసి తూస్తే పెరిగిన బరువే బాటిల్ ఉబ్బు. 100 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) దగ్గర నీళ్లు కుదించుకుపోయేది లీటరుకు అర మిల్లీలీటరు కూడా ఉండదు కాబట్టి దాన్ని వదిలేయొచ్చు. ప్రెషర్ తీసేశాక నింపి మళ్లీ తూచినప్పుడు పాత అంకె రాకుండా పెరిగి ఉంటే ప్లాస్టిక్ సాగిపోయినట్టే, ఆ బాటిల్‌ను ఇక ఎగరేయను. సీఎన్‌జీ సిలిండర్ల హైడ్రో టెస్ట్ వెనకున్న ఆలోచన కూడా ఇదే. గాలితో ఈ పరీక్ష చేయకండి. నీళ్లతో పగిలితే నేల తడుస్తుంది, గాలితో పగిలితే ముక్కలు ముఖం మీదికి వస్తాయి. నీళ్లతోనైనా కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి.

ఇక ఇబ్బందులు. కాసేపు కదలిక లేకపోతే మెషీన్ దానంతటదే ఆగిపోతుంది, పెట్టిన సున్నా పోతుంది. అందుకే టేర్ (సున్నా చేసే బటన్) నొక్కకుండా ఖాళీ బరువు రాసుకోమన్నాను. ఫ్యాన్ తిరుగుతుంటే అంకె నిలవదు. పళ్లెం చిన్నది, పొడవాటి బాటిల్ ఒరిగిపోతుంది. అడుగున ప్లాస్టిక్ డబ్బా పెట్టి ఆ బరువు తీసేయాలి. అప్పుడప్పుడూ కిరాణా కొట్టులోని ముద్ర వేసిన కిలో రాయితో సరిచూసుకుంటే టెన్షన్ ఉండదు.

మూడు బాటిళ్లు కలిపిన రాకెట్ నిండితే ఐదు కిలోలు దాటిపోతుంది. దానికి సూట్‌కేసులు తూచే కొక్కెం తూకం కొనండి. పది గ్రాముల మెట్లలో చూపించినా ఆ సైజుకు సరిపోతుంది.