భీమిలి రోడ్డు, రుషికొండ నీళ్లు, పన్నెండు వందల కోత

విశాఖలో సైకిల్ అద్దెకిచ్చిన కుర్రాడు నా డిపాజిట్‌లోంచి ₹1,200 కోశాడు. వెనక చక్రం రిమ్ము నొక్కుకుపోయిందట. ₹5,000 కట్టించుకుని ₹3,800 చేతిలో పెట్టాడు. ఆ మంట మీదే రాస్తున్నాను, కాబట్టి మిగతా సంగతులు పొట్టిగా ఉంటే సర్దుకోండి.

స్కూబా, అంటే గాలి సిలిండర్ తగిలించుకుని సముద్రంలోకి దిగడం, నాకు అలవాటే. ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఉంది, 18 మీటర్ల లోతు దాకా దిగుతాను. రోడ్డు సైకిల్ మాత్రం ఈ చలికాలమే మొదలెట్టాను, అదీ మా తమ్ముడి పోరు పడలేక. వాడు తెల్లారకముందే గండిపేట దాకా తొక్కొచ్చి ఆఫీసుకెళ్లే బాపతు. "అక్కా, నీళ్లలో అంతసేపు నిదానంగా ఊపిరి తీస్తావు, నీకు సైకిలెంత?" అన్నాడు. జనవరిలో సెలవులు చూసుకుని బయల్దేరాం. ఒకరోజు భీమిలి రోడ్డు, ఒకరోజు సముద్రం, ఆ తర్వాత అరకు ఘాట్ రోడ్డు. వాడి సైకిల్‌ని బస్సు డిక్కీలో వేసినందుకు ₹500 తీసుకున్నారు. నాకు అక్కడే అద్దెకి, రోజుకు ₹900. రుషికొండ దగ్గర లాడ్జి రోజుకు ₹1,600. వేణ్నీళ్లు వచ్చాయి, సైకిల్ గదిలోకి తెచ్చుకోనిచ్చారు. ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేకపోవడమే దాని గొప్ప.

ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర ఆరింటికి మొదలుపెట్టాం. భీమిలి పాతిక కిలోమీటర్ల పైచిలుకు. కుడిపక్క సముద్రం, ఎడమపక్క కొండలు, చిన్న చిన్న ఎత్తుపల్లాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి రోడ్డు తెలుగునాట నేను చూళ్లేదు. కాకపోతే ఆదివారం ఎనిమిది దాటాక కార్లు పోటెత్తుతాయి, అప్పటికి మీరు రుషికొండ దాటేసి ఉండాలి.

తొట్లకొండ ఎక్కుదామన్నది తమ్ముడి పట్టు. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తు, పైన రెండువేల ఏళ్ల నాటి బౌద్ధారామం. 1976లో నేవీవాళ్లు విమానంలో సర్వే చేస్తుంటే బయటపడిందట. కింద నుంచి చూస్తే ఏముందిలే అనిపిస్తుంది, మొదటి మలుపులోనే తొడలు మండిపోయాయి. వాడు వెనక నుంచి "గేరు ముందే మార్చు, ఎత్తు ఎక్కాక కాదు!" అని అరుస్తున్నాడు. అక్కడ నాకు పనికొచ్చింది డైవింగే. నీళ్లలో కంగారు పడితే సిలిండర్ చకచకా ఖాళీ అవుతుంది, అందుకని ఊపిరి పొడవుగా వదలడం అలవాటు. కొండ మీదా అదే చేశాను. దిగకుండా పైదాకా వెళ్లాను. వాడు మెచ్చుకోలేదు గానీ, పైకొచ్చాక తన సీసాలో నీళ్లు ముందు నాకే ఇచ్చాడు.

పంక్చర్ భీమిలి దగ్గర పడింది. వెనక టైరు. అద్దె సైకిల్‌కి సీటు కింద చిన్న సంచీ వేలాడుతుంటే సామాన్లున్నాయనుకున్నాను. తీస్తే ఒక ఖాళీ బిస్కెట్ ప్యాకెట్. పంపు లేదు, ట్యూబు లేదు, అడాప్టర్ లేదు. తమ్ముడి దగ్గరున్న ట్యూబు వాడి చక్రం సైజుది, నా దానికి పట్టదు. వాడి పంపు లాడ్జిలో ఉంది. ఆ సంగతి ఎత్తితే మొహం మాడ్చుకున్నాడు.

సైకిల్ నడిపించుకుంటూ బజారులోకి వెళ్తే ఒక పాత రిపేరు కొట్టు కనిపించింది. పెద్దాయన టైరు విప్పి, ట్యూబు నీళ్లలో ముంచి చిల్లి పట్టుకుని, గీకి, సొల్యూషన్ రాసి అతుకు వేశాడు. అయిదు నిమిషాల పని. గాలి కొట్టబోయేసరికి ఆగిపోయాడు. రోడ్డు సైకిల్ వాల్వ్ సన్నగా ఉంటుంది, కొసన బుల్లి నట్టు. "ఏటమ్మా ఇది, సూదిలాగుంది?" అన్నాడు. మామూలు పంపు క్లిప్పు దానికి బిగుసుకోదు. మధ్యలో తగిలించడానికి వేలెడంత లేని ఇత్తడి అడాప్టర్ ఉంటుంది, యాభై అరవై రూపాయల వస్తువు. సైకిల్‌తోపాటు అద్దెవాడు ఇచ్చి తీరాల్సింది. పెద్దాయన నట్టు వదులు చేశాడు, క్లిప్పుకీ వాల్వ్‌కీ కలిపి గుడ్డ చుట్టి పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు, మనవణ్ని కొట్టమన్నాడు. సగం గాలి బయటికే పోతోంది. ఆ పిల్లాడు చొక్కా తడిసిపోయేలా కొట్టాడు. బొటనవేలితో నొక్కి చూసి, "నిదానంగా ఎల్లండి, గుంతల్లో దించకండి" అని ₹30 అడిగాడు. వంద ఇస్తే చిల్లర తిరిగిచ్చేశాడు. పిల్లాడికి మాత్రం కొబ్బరిబొండం కొట్టించాం.

ఆ మెత్తటి టైరుతో రుషికొండ దాకా నిదానంగానే వచ్చాను, ఒక్క గుంతలోనూ పడలేదు. సాయంత్రం సైకిల్ అప్పజెబితే అద్దె కుర్రాడు చక్రం తిప్పి రిమ్ములో నొక్కు చూపించాడు. ఆ నొక్కులో దుమ్మూ గ్రీజూ పేరుకుని నల్లబడిపోయి ఉంది, ఒక్కరోజులో పడింది కాదు. పంపు ఎందుకివ్వలేదంటే "మీరు అడగలేదు కదా మేడమ్" అన్నాడు. తమ్ముడు గొంతు లేపాడు, లాభం లేకపోయింది. మీరెవరైనా అద్దెకి తీసుకుంటే డబ్బు కట్టేముందే రెండు రిమ్ములూ అతని ఎదుటే వీడియో తీయండి. సంచీ విప్పి పంపు, ట్యూబు, అడాప్టర్ కళ్లారా చూడండి. లేవంటే ఇంకో కొట్టు చూసుకోండి.

మర్నాడు సముద్రం. రెండు డైవ్‌లకు ₹5,500, కొత్తవాళ్లకి ఒక డైవ్ ₹3,000. నీళ్లలో నాలుగు మీటర్లకు మించి కనబడలేదు. బంగాళాఖాతంలో అండమాన్ నీళ్లు ఆశించి రాకండి. రాళ్లు, రాతి సందుల్లో లయన్ ఫిష్, ఒకచోట చిరిగిన వల. నాకు నచ్చింది, అందరికీ నచ్చదు. తొట్లకొండ మీద నాకు పాఠాలు చెప్పిన మొనగాడు ఇక్కడ మూడు మీటర్ల లోతులో చెవి నొప్పని పైకి చూపించాడు. దించిన ఇన్‌స్ట్రక్టర్ ఓపిక గొప్పది. తొందరపెట్టకుండా కొంచెం పైకి తెచ్చి, ముక్కు మూసి ఊదించి, మళ్లీ దించాడు. పడవలోకి వచ్చాక తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు, ఇడ్లీ కూడా వద్దన్నాడు.

తగువంతా డైవింగ్ వాళ్ల కౌంటర్ దగ్గర. పొద్దున స్కూబా, మధ్యాహ్నం అరకు, రాత్రి క్యాంప్‌ఫైర్ అని ₹6,499 ప్యాకేజీ బోర్డు. ఇది ఒట్టి ప్రమాదం. లోతులో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరిగి ఉంటుంది, పైకొచ్చాక గంటల తరబడి నెమ్మదిగా బయటికి పోతుంది. ఈలోపు ఎత్తుకి వెళ్తే అక్కడ గాలి ఒత్తిడి తక్కువ, కరిగినది బుడగలు కడుతుంది. అందుకే ఒక డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు విమానం ఎక్కొద్దంటారు. 300 మీటర్లు దాటిన కొండకీ అదే జాగ్రత్త. అరకు 900 మీటర్ల పైమాటే. ఇదంతా చెబితే కౌంటర్ మనిషి నవ్వి, "ఏం కాదు మేడమ్, రోజూ జనం వెళ్తున్నారు" అన్నాడు. సైకిల్ తొక్కేవాళ్లకి ఇంకో మాట: డైవ్ చేసిన రోజు ఒళ్లు హూనమయ్యే శ్రమ కూడా వద్దు. నన్నడిగితే ఘాటు ముందు పెట్టుకోండి, ఒకరోజు ఒళ్లు తేరుకున్నాక సముద్రం.

మధ్యాహ్నమే కొండ కిందున్న ఎస్.కోట (శృంగవరపుకోట) వెళ్లిపోయి అక్కణ్నుంచి ఎక్కుదామని తమ్ముడు తయారైపోయాడు. కుదరదన్నాను. నా రెండో డైవ్ పదకొండున్నరకి ముగిసింది, పద్దెనిమిది గంటలంటే మర్నాడు అయిదున్నర. "నువ్వూ నీ లెక్కలూ" అని విసుక్కుని రాత్రి భోజనం దగ్గర ఫోన్లోంచి తల ఎత్తలేదు.

మర్నాడు ఆరు దాటాక కారు మాట్లాడుకుని బయల్దేరాం, రానూపోనూ ₹4,200. ఎస్.కోట దాటి ఘాటు మొదట్లో వాడు సైకిల్ దింపుకున్నాడు, నేను నీళ్లు, అరటిపళ్లు పెట్టుకుని కారులో వెనక. అనంతగిరి కాఫీ తోటలు వచ్చేసరికి వాడి అలక పోయింది. మలుపుల్లో బస్సులు హారన్ కొట్టకుండా దిగుతాయి, ఎడమ అంచు వదలకండి. పైన బొంగులో చికెన్ అరకిలో ₹350. ఒట్టి కారం, ముక్క సరిగా ఉడకలేదు, నాకైతే దండగ అనిపించింది. తమ్ముడు ఇంకో అరకిలో చెప్పాడు.