సింగిల్ స్ట్రోక్ ఎయిర్ రైఫిల్: రెండేళ్లు వాడినాక నా రివ్యూ

రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువు కాడ బెలూన్లు కొట్టే అంగడి పెడతారు గదా, బ్యారెల్ మధ్యకి విరిచి పెల్లెట్ పెట్టి మళ్ళా మూసి కాల్చే గన్, మా నెల్లూరులో సగం మందికి ఎయిర్ గన్ అంటే అదే. మాకూ అంతే. మా పాప ఆడ పదికి ఏడు బెలూన్లు పగలగొట్టిందని మురిసిపోయి షూటింగ్ నేర్పిద్దామని దిగినాం, దిగినాక తెలిసింది వీటిలో నాలుగైదు జాతులుండాయని, ఒక్కోదానికి ఒక్కో రోగమని.

చివరికి తీసుకుంది సింగిల్ స్ట్రోక్. సెకండ్ హ్యాండ్, పక్కన లివర్ ఉండే పాత మ్యాచ్ రైఫిల్, కంపెనీ పేరు ఎందుకులే. లివర్ బయటికి లాగితే లోపలికి గాలి వస్తది, మళ్ళా మూస్తే ఆ గాలి నొక్కుకుపోయి ఒక చిన్న గదిలో నిలబడతది, ట్రిగ్గర్ నొక్కగానే వాల్వ్ తెరుచుకుని అంతా పెల్లెట్ వెనకాల పడతది. ఒక షాట్‌కి ఒకే దెబ్బ. ఇంకోసారి లాగి పవర్ పెంచుదామంటే కుదరదు, దానికి మల్టీ పంప్ వేరే ఉంది, షాట్‌కి ఐదారు సార్లు కొట్టుకుంటా కూర్చోవాలి, ఓపికుంటే.

స్ప్రింగ్ గన్‌కీ (ఆ బెలూన్ల అంగడిలో ఉండేది అదే) దీనికీ తేడా మొదటి రోజే తెలిసిపోయింది. స్ప్రింగ్ గన్‌లో పిస్టన్ ముందుకి దూకేటప్పుడు గన్ వెనక్కి తంతది, పిస్టన్ చివరికి పోయి కొట్టుకోగానే మళ్ళా ముందుకి గుంజుతది, ఇదంతా పెల్లెట్ ఇంకా బ్యారెల్ దాటకముందే. అందుకే పట్టు కొంచెం మారినా గురి మారిపోతది. పది మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పదో రింగు అంటే అర మిల్లీమీటరు చుక్క, దాని మీద ఈ తన్నులు భరించడం పిలకాయలకి కష్టం. సింగిల్ స్ట్రోక్‌లో టప్ మని చిన్న శబ్దం, పేపర్ మీద చిల్లు, భుజానికి అసలు ఏం జరిగిందో తెలీదు. వాల్తర్ ఎల్‌జీఆర్ లాంటి సింగిల్ స్ట్రోక్ రైఫిళ్ళు 1970ల్లో వచ్చి మ్యాచ్‌ల్లో స్ప్రింగ్ రైఫిళ్ళని పక్కకి నెట్టింది ఇందుకే.

పవర్ మాత్రం అడగొద్దు. అర గ్రాము పెల్లెట్, సెకనుకి 170 మీటర్ల స్పీడ్, ఏడెనిమిది జౌల్స్. పేపర్‌కి అది చాలు.

ఇక కష్టం చెప్తా. లివర్ మూసేటప్పుడు మొదట్లో ఏమీ ఉండదు, చివరి నాలుగు వేళ్ళ మందం కాడికి వచ్చేసరికి బిగుసుకుంటది, ఆడ ధైర్యంగా అరచేత్తో నెట్టాల. మధ్యలో వదిలేస్తే లోపలి గాలి దాన్ని ఎగరగొడతది. మా పాప మొదటి వారం ఒకతూరి వదిలేసింది, వేళ్ళ కణుపుల మీద తగిలి రెండు రోజులు పెన్ను పట్టలేదు. పైగా మ్యాచ్‌కి 60 షాట్లు, టైము గంటా పదిహేను నిమిషాలు, ప్రతి షాట్‌కీ రైఫిల్ భుజం మీంచి దించి లివర్ కొట్టి మళ్ళా నిలబడి పొజిషన్ సర్దుకోవాలంటే నలభయ్యో షాట్ కాడికి మోచెయ్యి పీకుతది. పెద్ద పెద్ద షూటర్లు పీసీపీకి, అంటే ముందే గాలి నింపిపెట్టుకునే గన్‌కి, మారింది ఊరికే కాదు.

మరి పీసీపీనే కొనొచ్చుగా అంటారు. గొప్పగా ఉంటది, కాదన్ను. ముందే 200 బార్ ప్రెషర్ దాకా గాలి నింపిన సిలిండర్, పెల్లెట్ పెట్టుకోవడం కాల్చుకోవడం అంతే. ఆ 200 బార్ యాడ నింపుకుంటాం అనేదే నా బాధ, టైర్లకి గాలి పట్టే షాపోడి కాడ కాదుగదా. హ్యాండ్ పంపు కొట్టొచ్చు, చెమటలు కారతాయి, మన సముద్రపు గాలిలో ఉండే తేమ కూడా సిలిండర్లోకే పోతది. సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) గన్ అయితే ఇంకో కథ, ఆ గ్యాస్ వేడికి ప్రెషర్ మార్చేస్తది, 31 డిగ్రీలు దాటితే ద్రవంగా నిలవదు. రోహిణి కార్తెలో నెల్లూరు వరండా ఎట్టుంటదో తెలుసుగా, పొద్దున ఒక చోట తగిలింది మధ్యాహ్నం ఇంకోచోట తగులుతది.

మాది వరండా నించి వంటింటి తలుపు దాకా కొలిస్తే సరిగ్గా పది మీటర్లు. ఆ తలుపుకి గడియ పెట్టి, ఇనప రేకు వంచి వేసిన డబ్బా ముందు పేపర్ తగిలించి, సాయంత్రం నలభై షాట్లు. సిలిండర్ లేదు, గ్యాస్ లేదు, ఒకరిని అడిగే పని లేదు. (పెల్లెట్లు సీసం, చేతులు కడుక్కోకుండా మురుకులు తిననీయొద్దు.)

పాతది కొనేవాళ్ళు మాత్రం సీళ్ళు, అంటే గాలి బయటికి పోకుండా ఆపే రింగులు, చూసుకోండి. మాది ఎనిమిది నెలలకి లివర్ చివర్లో ఆ బిగువు పోయింది, షాట్లు టార్గెట్‌లో కిందకి జారినాయి. వేరే ఊర్లో రిపేర్ చేసే ఆయనకి కొరియర్ చేస్తే మూడు నెలలు పెట్టుకుని సైజు తప్పిన ఓ రింగు వేసి పంపినాడు, ఫోన్ చేస్తే ఎత్తడు. చివరికి ట్రంక్ రోడ్డులో ట్రాక్టర్ హైడ్రాలిక్ సామాన్లు అమ్మే కొట్లో పాత రింగు చూపిస్తే అట్టాంటిదే ఇచ్చినారు, ఇరవై రూపాయలు. ఏడాదైంది, గాలి లీకు లేదు. అప్పుడప్పుడు చుక్క సిలికాన్ ఆయిల్, కొట్టినాక ఎక్కువసేపు అట్టనే ఉంచకుండా కాల్చేయడం, ఇంతే మెయింటెనెన్స్. బయట ఇనుముకి మాత్రం నూనె గుడ్డ వారానికొకసారి, ఉప్పు గాలి ఊరుకోదు.

లైసెన్స్ సంగతి, 4.5 మిల్లీమీటర్ల బోర్ దాటకుండా పవర్ 20 జౌల్స్ లోపు ఉంటే అక్కర్లేదు. పాప స్టేట్ లెవెల్‌కి పోతే పీసీపీ కొనక తప్పదు, అప్పుడు చూసుకుంటాం.

పొదలకూరులో నిమ్మతోట ఉండే మా మామ మొన్న వచ్చి, అబ్బయ్యా ఆ తుపాకి నాలుగు రోజులు ఇయ్యి, పిట్టల్నీ కోతుల్నీ తోలుకుంటా అన్నాడు. పిట్టని కొడితే 1972 వన్యప్రాణుల చట్టం కింద కేసు మామా, అదీగాక దీని దెబ్బకి కోతి పారిపోదు, నీ మీదకే వస్తది అని చెప్పినా. టపాకాయలు కొనుక్కుని పోయినాడు.