పడి లేచిన ఫిఫ్టీ: సెకండ్‌హ్యాండ్ కెనాన్ 50 ఎస్‌టీఎం కొనొచ్చా?

కర్నూలు దగ్గరి ఓర్వకల్లు రాక్ గార్డెన్‌లో ప్రీవెడ్డింగ్ షూట్ అంటే లెన్సు చేయి జారినా కింద ఉండేది రాయే. అందుకే కర్నూల్లో సెకండ్‌హ్యాండ్ కెనాన్ ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం (స్టెప్పింగ్ మోటారుతో ఫోకస్ చేసే లెన్సు) చేతికొస్తే, "ఒక్క గీత లేదన్నా" అన్న మాటతో తృప్తి పడొద్దు. ఈ లెన్సులో ముందు దెబ్బతినేది అద్దం కాదు, గొట్టం.

దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేసినప్పుడు లోపలి గొట్టం ముందుకొస్తుంది. ఫిల్టర్ బిగించేది దానికే. అది బయటికి ఉండగా మూతి మీద పడితే దెబ్బంతా ఫోకస్ మెకానిజం మీదికే పోతుంది. గొట్టం ఓరగా ఇరుక్కుంటుంది, అద్దం మాత్రం మెరుస్తూనే ఉంటుంది. కెమెరాకు తగిలించి, ఆన్ చేసి, ఎంఎఫ్‌లో (చేత్తో ఫోకస్ చేసే మోడ్) పెట్టి రింగు నిదానంగా తిప్పండి. గొట్టం ఈ చివరి నుంచి ఆ చివరికి ఆగకుండా పోవాలి. మోటారు సన్నగా గుయ్యిమంటే పర్వాలేదు, కరకరమంటే పక్కన పెట్టేయండి. కెమెరా ఆఫ్‌లో రింగు ఉత్తినే తిరగడం మాత్రం లోపం కాదు, దీని తీరే అంత. బయటికొచ్చిన గొట్టాన్ని వేలితో లోపలికి తోసి చూపించే అమ్మకందారుడిని అక్కడే ఆపండి!

మౌంటు, అంటే కెమెరాకు తగిలించే రింగు, లోహం. 1990 నాటి పాత 50 ఎంఎం ఎఫ్/1.8 టూ లెన్సుకి అది ప్లాస్టిక్కే. అయితే 2015లో వచ్చిన ఈ ఎస్‌టీఎంకూ లోపలి ఒళ్లు ప్లాస్టిక్కే కాబట్టి, లోహపు రింగు చూసి మోసపోవద్దు. తగిలించాక పైకీ కిందికీ ఊపండి. తిప్పే దిశలో కొంచెం కదిలితే సహజం, తల ఊపినట్టు ఊగితే కాదు. అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/8లో పెట్టి, దాన్ని ఆ సైజుకు మూసి చూపించే డెప్త్ ప్రివ్యూ బటన్ నొక్కి ముందు నుంచి చూడండి: అపెర్చర్ ఏడు రేకులూ సమానంగా మూయాలి.

అసలు పరీక్ష అద్దాల వరుస తప్పిందా అన్నది. గోడకు న్యూస్ పేపరు అతికించి, ట్రైపాడ్ మీద లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) ఎఫ్/2.8కి తీయండి. కెమెరా గోడకు సమాంతరంగా ఉందో లేదో తెలియాలంటే పేపరు నడుమ చిన్న అద్దం పెట్టండి, లెన్సు ప్రతిబింబం ఫ్రేము మధ్యలో పడాలి. మూలలు కాస్త మెత్తగా ఉంటే తప్పు లేదు, నాలుగూ ఒకేలా ఉన్నాయా అన్నదే లెక్క. ఒక పక్క మసగ్గా ఉంటే కెమెరాను తలకిందులు చేసి మళ్లీ తీయండి. అప్పుడూ ఫ్రేములో అదే పక్క మసకైతే దోషం లెన్సుది. పేపరులో అదే పక్క మసకైతే మీరు నిలబెట్టిన తీరుది.

ఫిల్టర్ రింగు సొట్ట ఒక్కటే ఉండి, పై పరీక్షలన్నీ నెగ్గితే బేరమాడి తీసుకోండి. కొన్నాక ఈఎస్-68 హుడ్ (లెన్సు ముందు తొడిగే గొడుగు లాంటిది) వేయండి. అది కదలని బయటి ఒంటికి బిగుస్తుంది కాబట్టి, ఈసారి పడితే మొదటి దెబ్బ గొట్టానికి కాక దానికి తగులుతుంది.