ఎన్లార్జర్‌తో ఆరేళ్లు, ఎర్రద్దంతో నాలుగు

కండెన్సర్ అంటే ఏంది, 50 ఎం.ఎం. లెన్సు దేనికి, 75 దేనికి అనేవి ఇక్కడ రాయను. ఇంట్లో డార్క్‌రూమ్ పెట్టుకోవాలనే పిచ్చి పట్టినవాళ్లు అవన్నీ ఈపాటికి చదివేసే ఉంటారు. నేను చెప్పేది ఎన్లార్జర్‌కు, అంటే నెగటివ్ బొమ్మను పెద్దది చేసి కాగితం మీద వేసే మెషిన్‌కు, లెన్సు కింద పక్కకు వేలాడే ఎర్రద్దం గురించి. ఒక రేకు చట్రం, దాంట్లో ఎర్ర గాజు బిళ్ల, తిప్పడానికి ఒక రివెట్టు. సెకండ్ హ్యాండ్ ఎన్లార్జర్ కొనేవాళ్లు చివర చూసేది, చాలాసార్లు చూడనే చూడనిది అదే. నేనైతే కొన్న కొత్తలోనే పీకి డబ్బాలో పడేశాను.

2019 డిసెంబర్‌లో సిరిసిల్లలో, మూతపడ్డ ఒక స్టూడియోలో కొన్నాను. ధర 5,500. ఏ కంపెనీదని అడగకండి, ఆ కంపెనీని పొగడటానికీ తిట్టడానికీ కాదు ఇది. 120 ఫిల్మ్ కాలం నాటి 6×6 సెంటీమీటర్ల నెగటివ్ మెషిన్, ఇనుప స్తంభం, బల్బూ లెన్సూ ఉండే బూడిద రంగు తల, 75 ఎం.ఎం. లెన్సు. స్టూడియో ఓనరు పెద్దాయన. నాకంటే ముందు చూడటానికొచ్చిన ఇద్దరు పాత ఇనుము లెక్కన అడిగారట, వాళ్ల మీద కోపంతోనే నాకు ఇచ్చాడనుకుంటా. ఒకప్పుడు ఊళ్లో సగం ఇళ్లలో దండేసిన ఫోటోలు ఆ మెషిన్ కిందనుంచి వచ్చినవే. పోయినాయన ఫోటో విడిగా ఉండేది కాదు. ఎప్పటిదో పెళ్లి గ్రూప్ ఫోటో తెచ్చేవాళ్లు. దాన్ని మళ్లీ ఫోటో తీసి, ఆ తల ఒక్కటే పెద్దది చేసి, పెన్సిల్‌తో టచింగ్ చేసి, పదకొండో రోజుకు అందించాలి. ఈ కథంతా చెప్పి, బండికి కట్టేటప్పుడు "ఎర్రద్దం పైలం తమ్మీ" అన్నాడు. నేను లెన్సు పైలం అన్నట్టు విన్నాను.

కొన్నాక అయిన ఖర్చు కూడా చెప్పాలి, ఎందుకంటే 5,500 అనే అంకె చూసి మోసపోతారు. వైరింగ్ మొత్తం తీసేయాల్సి వచ్చింది. పాత గుడ్డ చుట్టిన వైరు, రెండు పిన్నుల ప్లగ్గు, ఒళ్లంతా ఇనుము, ఎర్త్ లేదు. తడి చేతులతో పనిచేసే గదిలో అది పెట్టుకోవడమంటే చావు కొని తెచ్చుకోవడమే. మూడు పిన్నుల వైరు వేయించేదాకా స్విచ్ వేయలేదు. 35 ఎం.ఎం. ఫిల్మ్‌కు 75 లెన్సు పెడితే తలను స్తంభం చివరిదాకా లేపినా బొమ్మ నేననుకున్నంత పెద్దగా పెరగలేదు. సెకండ్ హ్యాండ్‌లోనే ఎల్-నిక్కార్ 50 ఎం.ఎం. ఎఫ్ 2.8 దొరికింది, 4,800. దాని మర 39 ఎం.ఎం., నా మెషిన్ లెన్సు బోర్డు బొక్క వేరు. కాజీపేటలో లేత్ పనిచేసే ఒకాయన ఇత్తడి రింగు చేసిచ్చాడు. 35కు క్యారియర్, అంటే ఫిల్మ్ పట్టుకునే చట్రం, లేదు, 6×6 క్యారియర్‌లో నల్ల కార్డుబోర్డుతో మాస్కు కత్తిరించుకున్నాను. ఆ మాస్కే తర్వాత నా కొంప ముంచింది.

ఇంకో 2,200 పెట్టి ఎలక్ట్రానిక్ టైమర్ కొన్నాను. ఇన్ని సెకన్లు అని పెడితే లైటు వెలిగి, ఆరుతుంది. అది వచ్చాక ఎర్రద్దం ఎందుకో నాకు అర్థం కాలేదు. డాడ్జింగ్ చేసేటప్పుడు, అంటే బొమ్మలో కొంత భాగానికి వెలుగు అడ్డుకునేటప్పుడు, చేతికి తగులుతోంది. ఒక స్క్రూ విప్పితే ఊడొచ్చింది.

మొదటి ఏడాది పండగే. లాక్‌డౌన్‌లో బయటికి పోయేది లేదు, ఉన్న పాత నెగటివ్‌లన్నీ 5×7 సైజులో ప్రింటు చేశాను. ఆరు సెకన్లు, ఎనిమిది సెకన్లు. బాత్‌రూమ్‌లో ఎర్ర బల్బు కింద డెవలపర్ ట్రేలో మా అవ్వ మొహం మెల్లగా తేలినప్పుడు నేను తలుపు తీసి అందరినీ పిలవబోయి, కాగితం పాడైతదని ఆగిపోయాను. అప్పట్లో ఎవరడిగినా ఒకటే చెప్పేవాణ్ని: లెన్సు మంచిదైతే చాలు, టైమర్ లేకుండా మాత్రం దిగొద్దు. ముగ్గురు నా మాట విని టైమర్లు కొన్నారు. వాళ్లు ఇది చదువుతుంటే, జర ఓపిక పట్టండి.

2021 ఎండాకాలంలో ఖిలా వరంగల్ కీర్తి తోరణం నెగటివ్ ఒకటి 11×14 సైజులో వేద్దామనుకున్నాను. పొద్దుటి ఏటవాలు వెలుగులో తీసింది. రాతి మీద చెక్కిన ప్రతి గీతకూ నీడ ఉంది. నెగటివ్ కొంచెం ఎక్కువ నల్లబడింది, లెన్సు రంధ్రం ఎఫ్ 8 దగ్గర పెడితే 40 సెకన్లు కావాలి. ఫిల్మ్ గింజలను పెద్దవి చేసి చూపే గ్రెయిన్ ఫోకసర్ పెట్టి చూశాను, గింజలు గింజలుగా కనిపిస్తున్నాయి. ప్రింటు చేశాను. మూలల్లో ఉన్న గడ్డిపోచ కూడా కత్తిలా ఉంది. నడుమ ఉన్న తోరణం మాత్రం నీళ్లలోంచి చూసినట్టుంది.

మళ్లీ చేశాను. అదే. మూడోది ఇంకొంచెం అధ్వానం. ఆ సైజు షీటు ఒక్కటి పాడైతే మెస్‌లో ఓ పూట భోజనం పోయినట్టే.

మొదట లెన్సును అనుమానించాను. రంధ్రం ఇంకా చిన్నది చేసి ఎఫ్ 11కి మార్చాను, కొంచెం నయం. ఆ కొంచెం నయమే నన్ను ఇంకా తప్పు దారి పట్టించింది. తర్వాత రైళ్లను అనుమానించాను. మా ఇల్లు కాజీపేట జంక్షన్‌కు దగ్గర. బొగ్గు గూడ్సు పోయినప్పుడల్లా కిటికీ అద్దం గలగలమంటుంది. బేస్ బోర్డు మీద స్టీలు గ్లాసులో నీళ్లు పోసి ఎర్ర బల్బు కింద చూస్తే, గూడ్సు వచ్చినప్పుడు నీటి మీద వలయాలు. దొరికింది దొంగ అనుకున్నాను. రాత్రి రెండు గంటలకు లేచి, రెండు బండ్ల మధ్య ఖాళీ చూసి ప్రింటు చేశాను. నడుమ మసకే. ఇగ ఆగలేక కరీంనగర్ గ్రానైట్ ముక్క, రెండడుగుల పలక, కోత మిషన్ దగ్గర మిగిలింది తెప్పించాను. ఇద్దరు మనుషులు పైకి మోశారు. మా అమ్మ "బాత్‌రూమ్‌ల సమాధి కడుతున్నవా" అంది. దాని మీద పెట్టినా నడుమ మసకే. ఆ బండ ఇప్పటికీ అక్కడే ఉంది, దించే ఓపిక లేక.

చివరికి సిరిసిల్లకు ఫోన్ చేశాను, నిజం చెప్పాలంటే కొట్లాడటానికే. రైళ్ల సంగతి చెప్పగానే పెద్దాయన నవ్విండు. "రైలు గంటకొకటి అస్తది. మా స్టూడియో ఎనకాలనే సాంచెలు. పొద్దుగాల మొదలైతే రాత్రి దాక డగడగ. మేం ప్రింట్లు తీయలేదా?" ఆ మాట నిజమే, మెషిన్ చూడటానికి పోయినప్పుడు మరమగ్గాల చప్పుడుకు ఆయన మాట నాకు సగం వినపడలేదు.

"ఎర్రద్దం ఉన్నదా?" అని అడిగిండు.

"తీసి డబ్బల పెట్టిన కాకా."

కొంచెంసేపు మాట లేదు. "షట్టరు పీకి కెమెరా ఏం జేస్తవ్? ముందుగాల అది పెట్టు. లైటు బందు జెయ్యకు. ఎలుగుతనే ఉండనియ్యి. నెగటివ్ ఎంత ఉబ్బాల్నో అంత ఉబ్బుతది. గప్పుడు ఫోకస్ జెయ్యి. ఎర్రద్దం అడ్డం పెట్టి కాగితం ఎయ్యి. అద్దం తీసి లెక్కవెట్టు, మల్ల మూయి."

ఫోన్ పెట్టేసి ఆ రాత్రే కూర్చున్నాను. నెగటివ్ పెట్టి, లైటు వేసి, గ్రెయిన్ ఫోకసర్‌కు కన్ను ఆనించి కదలకుండా చూశాను. మొదటి పది సెకన్లు గింజలు స్పష్టం. ఇరవై దాటాక నడుమ గింజలు ఒక్కసారిగా కరిగిపోయాయి, ఎవరో వేలితో రుద్దినట్టు. నేను ఏ మరా ముట్టుకోలేదు. కన్ను తీసి క్యారియర్ పక్కనుంచి తొంగి చూస్తే ఫిల్మ్ నడుమ భాగం సెగ తగిలిన అప్పడంలా లేచి ఉంది. 150 వాట్ల బల్బు, గాజు లేని క్యారియర్, ఫిల్మ్‌ను అంచుల్లోనైనా గట్టిగా పట్టలేని నా కార్డుబోర్డు మాస్కు, మే నెల. ఎనిమిది సెకన్ల 5×7 ప్రింట్లలో అది బయటపడేలోపే లైటు ఆరిపోయేది. నలభై సెకన్లలో సగం సేపు కాగితం మీద పడింది ఉబ్బిన నెగటివే. నా టైమర్ చేసిన పని ఏంటంటే, ప్రతిసారీ నెగటివ్‌ను చల్లార్చి మళ్లీ మొదటినుంచి ఉబ్బించడం. నేను చల్లటి ఫిల్మ్ మీద ఫోకస్ చేసి వేడి ఫిల్మ్‌తో ప్రింటు చేస్తున్నాను.

డబ్బాలోంచి ఎర్రద్దం తీసి బిగించాను. లైటు ఒకటిన్నర నిమిషం వెలగనిచ్చి, ఉబ్బి ఆగిన ఫిల్మ్ మీద ఫోకస్ చేసి, అద్దం మూసి, కాగితం పెట్టాను. ఈ ఎర్రద్దంలో ఇంకో సుఖం, ఎర్ర వెలుగుకు కాగితం తొందరగా నల్లబడదు, బొమ్మ మాత్రం దాని మీద ఎర్రగా కనిపిస్తూనే ఉంటుంది, కాబట్టి వంకర లేకుండా సర్దుకోవచ్చు. అద్దం తెరిచి నలభై లెక్కపెట్టి మూశాను. ట్రేలో తోరణం మీద హంస ముక్కు దాకా తేలింది.

లెక్క సంగతి: పెద్దాయన "రాజన్న ఒకటి, రాజన్న రెండు" అని లెక్కపెడతాడు. వేములవాడ పక్కనే కదా. ఒక్కో రాజన్నకు ఒక సెకను, గడియారంతో సరిచూశాను, నలభైకి ఒకటి కూడా తేడా రాలేదు. నేనూ అదే పట్టుకున్నాను. టైమర్ ఇప్పుడు దోమల మిషన్‌కు వాడుతున్నాం. టైమర్లు కొన్న ఆ ముగ్గురికి చెప్పేదేమిటంటే, చిన్న ప్రింట్లకు అది బాగానే పనిచేస్తుంది, నేను పూర్తిగా తప్పు చెప్పలేదు.

అయితే ఎర్రద్దాన్ని నెత్తిన పెట్టుకోమని కాదు. తెరిచేటప్పుడు మెషిన్ తల వణుకుతుంది. అందుకే ముందు ఒక నల్లట్ట లెన్సు కింద పట్టుకుని, అద్దం తెరిచి, రెండు రాజన్నలు ఆగి, అట్ట తీస్తాను. మూసేటప్పుడు ముందు అట్ట, తర్వాత అద్దం. లైటు ఆగకుండా వెలుగుతుంది కాబట్టి తల పైన గాలి బొక్కల్లోంచి వెలుగు స్లాబుకు కొట్టి కాగితం మీదికి దిగుతుంది. తెల్ల సున్నం ఉన్న బాత్‌రూమ్‌లో మొదటి రెండు ప్రింట్లకు అంచులు బూడిద రంగుకు తిరిగాయి. పైన నల్లగుడ్డ కట్టాక పోయింది. పాత అద్దం ఎరుపు ఎంత నమ్మకమో కూడా పరీక్షించుకోవాలి. కాగితం మీద రూపాయి బిళ్ల పెట్టి, ఎర్రద్దం మూసి లైటు వెలగనిచ్చి, కాగితాన్ని డెవలప్ చేశాను. ఒక నిమిషానికి తెల్లగానే ఉంది, మూడు నిమిషాలకు బిళ్ల గుండ్రం లీలగా కనిపించింది. అంటే సర్దుకోవడానికి నాకు అరనిమిషం కంటే ఎక్కువ ఇవ్వను. ఇక మే నెలలో మూసిన గదిలో ఆ బల్బు అట్లా వెలుగుతుంటే డెవలపర్‌ను 20 డిగ్రీల దగ్గర పట్టుకోవడం ఐస్ ప్యాకెట్లతో కూడా కాదు. ఎండాకాలం నేను రాత్రి పదకొండు తర్వాతే మొదలుపెడతాను.

రెండు గాజుల మధ్య నెగటివ్ పెడితే ఉబ్బే సమస్యే ఉండదు కదా అంటారు. చేశాను. ఫిల్మ్ నున్నటి వైపు పై గాజుకు అంటుకున్న చోట నూనె పడ్డ నీళ్ల మీది రంగుల్లాంటి న్యూటన్ వలయాలు వచ్చాయి, బ్లాక్ అండ్ వైట్‌లో అవి నల్ల చారలు. వానాకాలం మరీ ఎక్కువ. పైన ఫోటో ఫ్రేములకు వేసే మెరుపు లేని గాజు పెట్టి చూస్తే వలయాలు పోయి, ఆకాశంలో ఇసుక చల్లినట్టు చుక్కలొచ్చాయి. పైగా దుమ్ము తుడవాల్సిన ముఖాలు రెండు కాదు, ఆరు. ఎల్ఈడీ బల్బు కూడా పెట్టి చూశాను. వేడి దాదాపు లేదు, ఉబ్బడం తగ్గింది. కాని బల్బు వెలుగును నెగటివ్ మీదికి చేర్చే నా కండెన్సర్ గాజుల కింద నడుమ వెలుగు, అంచులు చీకటి, కాంట్రాస్టు మార్చే మల్టీగ్రేడ్ ఫిల్టర్లకు నేను రాసుకున్న లెక్కలన్నీ తారుమారు. ఓపికున్నవాళ్లు సరిచేసుకుంటారు. ఇప్పుడు నేను వాడే పాల బల్బులు, అంటే పాలలాంటి తెల్ల గాజు తీగ బల్బులు, దొరకడం ఆగిపోయిన రోజు నేనూ అదే చేస్తాను. ఇంకా నాలుగు దాచుకున్నాను.

పాల బల్బుతో ఇంకో తలనొప్పి ఓల్టేజీ. ఇలాంటి తీగ బల్బుకు ఓల్టేజీ అయిదు శాతం తగ్గితే వెలుగు పదహారు శాతం దాకా పడిపోతుంది. మా ఇంట్లో ఫ్రిజ్ మొదలైనప్పుడు కంటికే తెలుస్తుంది. ప్రింటు చేసేటప్పుడు ఫ్రిజ్ ప్లగ్గు పీకుతాను, తర్వాత పెట్టడం మర్చిపోయి రెండుసార్లు పెరుగు పులియబెట్టాను.

మరి ఇట్లాంటిది కొనొచ్చా? నాకు నచ్చింది, కాని నేను వారానికి ఒక్క రాత్రి, రెండు మూడు ప్రింట్లు చేసేవాణ్ని. బ్యాచిలర్‌ను, బాత్‌రూమ్ బంద్ చేస్తే తిట్టేది మా అమ్మ ఒక్కతే. రోజుకు ఇరవై ప్రింట్లు తీయాలనుకుంటే, రెండేళ్ల పిల్లలున్న ఇల్లయితే, నేను సలహా ఇవ్వను. డబ్బులు కొంచెం ఎక్కువున్నాయా, 35 ఫిల్మ్ మాత్రమే వాడుతున్నారా, అయితే డర్‌స్ట్ లేదా మియోప్టా కంపెనీల చిన్న మెషిన్ ఏదైనా దాని సొంత క్యారియర్‌తో సహా దొరికితే చూడండి. నా కార్డుబోర్డు తిప్పలు మీకు ఉండవు. క్యారియర్ లేకుండా తక్కువ ధరకు ఇస్తానంటే, ఆ తగ్గిన ధర తర్వాత ఎట్లాగూ కట్టాల్సిందే. చూడటానికి పోయినప్పుడు స్తంభాన్ని ఊపి చూడండి, కండెన్సర్ గాజులు విప్పి బూజు చూడండి, లెన్సు పైన మడతలు మడతలుగా ఉండే బెలోస్ లోపల టార్చి పెట్టి చీకట్లో బొక్కలు చూడండి. ఆ తర్వాత లెన్సు కింద చెయ్యి పెట్టి ఎర్రద్దం తిరుగుతుందో లేదో చూడండి.

నాది ఇప్పుడు సరిగ్గా తిరగడం లేదు. ఈ ఎండాకాలం రివెట్టు అరిగిపోయి, తెరిచిన అద్దం తనంతట తాను జారి ఎక్స్‌పోజర్ మధ్యలో సగం మూసుకుంటోంది. సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్క తొడిగి నడిపిస్తున్నాను. సిరిసిల్ల పెద్దాయనను అడిగితే "నా దగ్గర ఇంకోటి ఏడుంటది బిడ్డా, ఒక్కటే ఉండె, నీకే ఇస్తి" అన్నాడు. మీ ఊళ్లో మూలన పడ్డ ఎన్లార్జర్ ఏదన్నా పాత సామాన్ల బండి ఎక్కుతుంటే, తల ఎటన్నా పోనీ, ఆ ఎర్రద్దం చట్రం ఒక్కటి విప్పి పక్కకు పెట్టండి. కాజీపేట దాకా తెచ్చే పని లేదు, నేనే వస్తాను.