రామభద్ర, మండలి: శీర్షికకొకటి, పాఠానికొకటి

పేజీలో శీర్షిక అక్షరాలకూ, దాని కింద సాగే పాఠం (అసలు రచన) అక్షరాలకూ మధ్య తేడా చూడగానే తెలియాలి. ఒకటి కాస్త లావుగా, మరొకటి కాస్త సన్నగా ఉంటే సరిపోదు. అంత చిన్న తేడా పొరపాటున వచ్చినట్టు కనిపిస్తుంది. ఈ కాంట్రాస్టును తెలుగులో గట్టిగా చూపించడానికి, ఉచితంగా దొరికే ఫాంట్లలో రామభద్ర, మండలి జంటనే నేను ముందుగా సూచిస్తాను. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించగా సిలికానాంధ్ర సంస్థ అందించిన ఈ రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి; ఓపెన్ ఫాంట్ లైసెన్సు వల్ల వ్యాపార పనులకు కూడా రుసుము లేకుండా వాడుకోవచ్చు.

అష్టదిగ్గజ కవి అయ్యలరాజు రామభద్రుడి పేరు పెట్టుకున్న రామభద్ర ఫాంటు పోస్టర్ల కోసం పుట్టినదే. దాని దిట్టమైన గీత 48 పాయింట్లలో నిండుగా నిలబడి, కింద 12 పాయింట్లలో సాగే మండలి పాఠానికి దారి చూపుతుంది. మండలి గీత సన్నగా, సమంగా ఉండి, వార్తాపత్రికలోలా ఎంతసేపు చదివినా కంటికి శ్రమ అనిపించదు.

ఈ జంట అవసరం ఎందుకంటే, మండలికి ఒకే మందం ఉంది. బోల్డ్ బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ అసలు గీతనే కృత్రిమంగా లావు చేస్తుంది. ‘కథ’ అని టైపు చేసి చిన్న సైజులో బోల్డ్ చేసి చూడండి: ‘థ’ పొట్టలోని చుక్క చుట్టూ ఉన్న గీతలో కలిసిపోయి, అది ‘ధ’లా కనిపించే ప్రమాదం ఉంది. తెలుగు అక్షరంలో ఇంత చిన్న గుర్తులే అర్థాన్ని మోస్తాయి కాబట్టి, మందాన్ని బటన్‌తో కాక, మందంగానే గీసిన మరో ఫాంటుతో తెచ్చుకోవడం మేలు.

లోపాలూ ఉన్నాయి. రామభద్రను చిన్న సైజులో వాడితే అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. రెండు వరుసల శీర్షికలో వరుసల ఎడం తగ్గిస్తే, ‘రాష్ట్రం’ వంటి మాటల వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. రెండింటికీ నడుమ మందం లేనందున ఉపశీర్షికలకు మండలినే పెద్ద సైజులోనో, ముదురు రంగులోనో వాడాలి. ఆ రంగు ఎంచుకునేటప్పుడు తెల్ల కాగితం మీద పసుపును మాత్రం నమ్మవద్దు. పసుపూ తెలుపూ దాదాపు ఒకే వెలుగుతో కనిపిస్తాయి కాబట్టి అక్షరాలు తేలవు. సుకుమారమైన శుభలేఖలకు రామభద్రను నేను సూచించను. సభల బ్యానర్లకు, పత్రికల ముఖచిత్రాలకు నిస్సంకోచంగా వాడవచ్చు.