ప్లగ్ వాట్ మీటరు: మూడేళ్ల వాడకం తర్వాత

గోడ సాకెట్‌కీ వస్తువు ప్లగ్గుకీ మధ్య పెట్టే 16 ఆంపియర్ల మీటరు ఇది. యూనిట్లు లెక్కపెట్టుకోవడానికి కొనండి. రూపాయలు చూపించే బటన్ జోలికి మాత్రం పోవద్దు, ఎందుకో కింద చెప్తాను.

బాగా అక్కరకొచ్చేది ఫ్రిజ్ దగ్గర. కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది కాబట్టి అప్పటికప్పుడు కనిపించే వాట్లతో లెక్కేస్తే తప్పుతుంది. 48 గంటలు వదిలేయండి. 2.4 యూనిట్లు తిరిగితే నెలకు 36. ఫ్రాస్ట్ ఫ్రీ రకంలో డీఫ్రాస్ట్ హీటరు ఎప్పుడో ఒకసారి వెలుగుతుంది గనక ఒక్కరోజు కొలత నమ్మలేం. మిక్సీ 750 వాట్లని భయపెడుతుంది గానీ రోజూ 10 నిమిషాలు తిప్పినా నెలకు 4 యూనిట్లు దాటదు. టీవీ కింద పగలూ రాత్రీ 10 వాట్లు తాగే సెట్ టాప్ బాక్స్ 7.2 యూనిట్లు మింగుతుంది!

నీళ్ల మోటారుకు 230 వోల్టులు, 5 ఆంపియర్లు గుణించి 1150 వాట్లు అనేస్తుంటారు. పవర్ ఫ్యాక్టర్ (ఆ గుణకారంలో నిజంగా పనికొచ్చే వంతు) 0.8 ఉంటే అసలు వాట్లు 920. ఇళ్లలో యూనిట్లు తిరిగేది వీటి మీదే.

లోపాలున్నాయి. వస్తువును రిమోట్‌తో ఆపాక కూడా లాగే ఒకటి రెండు వాట్ల స్టాండ్‌బైని సున్నా అంటుంది. లోపలి బటన్ సెల్ అయిపోతే కరెంటు పోగానే అప్పటిదాకా చేసిన లెక్క గల్లంతు. గీజర్, ఏసీలకు పెట్టి గంటలకొద్దీ వదిలితే పిన్నులు వేడెక్కుతాయి, సాకెట్ వదులైతే ప్లాస్టిక్ కరుగుతుంది. వాటికి అరగంట కొలత చాలు. 6 ఆంపియర్ల కన్వర్టర్ (పెద్ద ప్లగ్గును చిన్న సాకెట్‌కు కలిపే ముక్క) పెట్టి గీజర్ అసలే వద్దు.

ఫ్యాన్లకు ప్లగ్ ఉండదు, అక్కడ ఇంటి సర్వీసు మీటరే దిక్కు. దాని మీద యూనిట్‌కు ఎన్ని పల్సులో రాసి ఉంటుంది. 3200 అనుకుందాం. ఇన్వర్టర్‌తో సహా అన్నీ ఆపి, ఒక్క ఫ్యాను వేసి, ఎర్ర లైటు 10 సార్లు మెరవడానికి పట్టిన సెకన్లు చూడండి. 11,250ని ఆ సెకన్లతో భాగిస్తే వాట్లు. 150 సెకన్లు పడితే 75 వాట్లు, అంటే పాత ఫ్యాను. మీటరు మీద 1600 ఉంటే 22,500ని భాగించాలి.

ఇక రూపాయలు. ప్లగ్ మీటరుకు ఒక్క రేటే ఇవ్వగలం, మన బిల్లు నడిచేది స్లాబుల మీద. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్లలో 200 యూనిట్లకు ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. 201వ యూనిట్ తిరిగిందా, మొదటి 200 కూడా 5.10 రేటుకు మారి మొత్తం 1,027.70 అవుతుంది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207.70! గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) ఉన్నవాళ్లకైతే సున్నా బిల్లే పోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి గెంతు లేదు, కింది స్లాబుల రేటు అలాగే ఉంటుంది. అందుకే ఆదా ఎప్పుడూ చివరి స్లాబు రేటుతో లెక్కేయాలి. 75 వాట్ల ఫ్యాను తీసి, తక్కువ కరెంటుతో నడిచే మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ పెడితే, రోజుకు 12 గంటల చొప్పున నెలకు 16.2 యూనిట్లు తగ్గుతాయి. 226 నుంచి 400 యూనిట్ల స్లాబులో 8.75 చొప్పున అది 141.75 రూపాయలు.